బొంత మీద అఆలు, పళ్లెంలో కర్బూజ

రండి, కూర్చోండి. ఈ ఎండలో మిట్టమధ్యాహ్నం గడప దాటే పనులేవీ పెట్టుకోకండి. కర్బూజ కోసి, ముక్కల మీద పంచదార, చిటికెడు యాలకుల పొడి చల్లి పెట్టాను. ముక్కలు ఊరి అడుగున తియ్యటి నీరు చేరేలోగా మీకో మాట చెప్పాలి. ఈ మధ్య ఎవరు కనబడ్డా ఇదే చెబుతున్నాను. మీకు చెప్పకుండా ఎలా ఉంటాను?

మీ ఇంట్లోనో, మీ చుట్టాల ఇంట్లోనో అక్షరాలు దిద్దే వయసు బిడ్డ ఉందా? ఉంటే ఈ వేసవిలో ఆ బిడ్డకో బొంత కుట్టండి. ఊరికే ముక్కల బొంత కాదు. అ మొదలు ఱ దాకా అక్షరాలు, ఒకటి మొదలు సున్నా దాకా అంకెలు, అన్నీ మీ చేత్తో గుడ్డ మీద నిలిపిన బొంత. బజారులో అక్షరాల అచ్చు వేసిన దుప్పట్లు దొరుకుతాయి, నిజమే. వాటి మీద వేలు పెడితే ఏమీ తగలదు. కుట్టిన అక్షరం వేలికి తగులుతుంది. బిడ్డకు అక్కర్లేదంటారా అది?

బొంత సంగతి మీకు నేను చెప్పేదేముంది! ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు రెండో మూడో, పాత పంచె ఒకటి, ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగంచులూ మడిచి, ఈ కొస నుంచి ఆ కొసకు రన్నింగ్ స్టిచ్ వేసుకుంటూ పోతే బొంత. కర్ణాటకలో దీన్నే కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి, బెంగాల్లో కాంథా, బీహారులో సుజని. పాత గుడ్డకు కొత్త ఆయుష్షు పోయడం ఈ దేశపు ఆడవాళ్లందరికీ తెలిసిన విద్య. మన పల్లెల్లో దానికి అనువైన కాలం ఎండాకాలమే. పొలం పనులు సద్దుమణుగుతాయి, ఉతికిన చీర గంటలో ఆరుతుంది, మధ్యాహ్నాలు పొడుగ్గా ఉంటాయి, సెలవులకు పిల్లలు ఇంటి నిండా ఉంటారు.

అయితే ఒకటి గమనించారా? నేను చూసిన పాత బొంతల మీద గళ్లున్నాయి, పూలున్నాయి, చిలకలున్నాయి. అక్షరం లేదు. ఎందుకుంటుంది? ఆ చేతులకు సూది అందింది గానీ పలక అందలేదు. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టింది 1874లో. 1901 జనాభా లెక్కల నాటికి కూడా ఈ దేశంలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు లేరు. మన ముత్తవ్వలు అంత నేర్పుగా కుట్టి, ఆ కుట్టు తమదేనని చెప్పుకోవడానికి ఒక్క అక్షరమైనా వేయలేకపోయారు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. అందుకే అక్షరాల బొంత అంటే నాకు ఇంత పట్టుదల.

వేరే చోట్ల ఆడవాళ్లు ఏం చేశారో చూడండి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఓ చిన్న గుడ్డ ఉంది. 1598లో జేన్ బాస్టాక్ అనే ఆమె కుట్టింది. సంవత్సరం కుట్టి ఉన్న బ్రిటిష్ శాంప్లర్లలో, అంటే కుట్ల నమూనా గుడ్డల్లో, అదే అన్నిటికంటే పాతది. దాని మీద అక్షరమాల ఉంది, ఆమె పేరు ఉంది, ఏడాది ఉంది. ఇంకో ముచ్చట కూడా ఉంది: ఆలిస్ లీ అనే పాప పుట్టిన సంగతి. నాలుగు వందల ఏళ్లు దాటినా పాప పేరూ పోలేదు, కుట్టినామె పేరూ పోలేదు. ఆ తర్వాత రెండు మూడు శతాబ్దాల పాటు ఇంగ్లండులో, అమెరికాలో ఆడపిల్లలకు కుట్టు నేర్పేటప్పుడు అక్షరాలు, అంకెలు కూడా కుట్టించేవారు. పెద్దయ్యాక ఇంట్లో దుప్పట్ల మీద, తువ్వాళ్ల మీద ఇంటిపేరు పొడి అక్షరాలు, వరస సంఖ్యలు వాళ్లే కుట్టాలి మరి.

మన దగ్గర ఆ పని నల్లజీడి చేసింది. గింజలోని రసంతో బట్ట మూలన రజకులు వేసిన చిన్న గుర్తు ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదు. ఏ గుర్తు ఏ ఇంటిదో వాళ్లకే ఎరుక. బెంగాల్లో మాత్రం మానదాసుందరి అనే ఇల్లాలు తన తండ్రి కోసం కాంథా కుట్టి, ఆ మాట దారంతోనే దాని మీద రాసింది. కోల్‌కతాలోని గురుసదయ్ మ్యూజియంలో దాన్ని భద్రపరిచారు. నాన్నకు కుట్టానని రాసుకోగలగడం ఎంత భాగ్యం!

ఇక మన అక్షరాల దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో ఏ, ఈ, ఎఫ్, హెచ్ అన్నీ తిన్నటి గీతలే. గుడ్డను పట్టీలుగా కోసి అతికితే అక్షరం నిలబడుతుంది. తెలుగు అలా కుదరదు. మనవన్నీ వంపులు. తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో తిన్నగా గీస్తే ఈనె వెంట ఆకు చీలుతుందని, అందుకే అక్షరాలు గుండ్రం తిరిగాయని పెద్దలు చెబుతారు. ఆకును కాపాడిన ఆ వంపే గుడ్డ దగ్గర సూదికి పరీక్ష పెడుతుంది.

దానికి ఉపాయం క్రాస్ పట్టీ. జాకెట్టు మెడకు వేస్తాం చూడండి, అదే. గుడ్డను పడుగు వెంట కోస్తే సాగదు, పేక వెంట కోస్తే సాగదు. రెంటికీ మధ్య ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీల్లో కోస్తే సాగుతుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అంగుళం వెడల్పున పట్టీ కోసి, రెండంచులూ పావంగుళం చొప్పున లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. అరంగుళం పట్టీ తయారవుతుంది. సుద్దతో గుడ్డ మీద అక్షరం గీసుకుని, ఆ గీత వెంట పట్టీని పరవడమే. చేత్తో ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పి రాస్తామో పట్టీ కూడా ఆ వరసలోనే పోవాలి. అప్పుడు పలక మీద బలపం నడిచినట్టు గుడ్డ మీద పట్టీ నడుస్తుంది.

ఇందులో ఒక్క కిటుకు మరిచిపోకండి. ముందు లోపలి వంపు కుట్టాలి, తర్వాతే బయటి వంపు. బయటి అంచు సాగే గుణం ఉన్నది కాబట్టి తర్వాత కుట్టినా చక్కగా పరుచుకుంటుంది. తిరగేసి బయటిది ముందు కుట్టారో, లోపల ముడతలు పడతాయి, వాటిని ఎంత నొక్కినా పోవు. పట్టీ మీద పట్టీ దాటే చోట కిందిది ముందు కుట్టి, పైది తర్వాత కుట్టండి. హెమ్మింగ్ కుట్టు చాలు, సన్నగా, దగ్గర దగ్గరగా. కాజా కుట్టు వస్తే అంచు వెంట అది వేయండి, ఇంకా గట్టిగా ఉంటుంది.

తలకట్టు విడిగా చిన్న ముక్కతో పెట్టాలి. అన్నిటికీ ఉండదని గుర్తుంది కదా? ఖ, జ, ణ, బ లకు తలకట్టు లేదు. కుట్టేటప్పుడు ఈ తేడాలు కంటికి ఎంత స్పష్టంగా కనబడతాయో చూస్తారు. ర గుండ్రంలో చుక్క పెడితే ఠ అవుతుంది. ద కింద చిన్న గీత దిగితే ధ. దానికి లోపల చుక్క కూడా చేరితే థ. ఆ చుక్కలకు దారాన్ని సూదికి చుట్టి వేసే ముడికుట్టు బాగుంటుంది. అద్దాలు, పూసలు, గుండీలు మాత్రం వద్దండీ. పసివాళ్లు పీకి నోట్లో పెట్టుకుంటారు.

కర్బూజ ఊరినట్టుంది, తీసుకోండి. ఎలా ఉంది? వాసన చూశారా? మంచి కర్బూజను ముక్కుతోనే ఎంచాలి. తొడిమకు ఎదురు కొసన, పూవు రాలిన చోట, తియ్యటి వాసన రావాలి. తొడిమ ఉన్న చోట చూడండి, చిన్న గుంట పడి శుభ్రంగా ఉందంటే పండు తనంతట తానే తీగను వదిలిందన్నమాట. మహామృత్యుంజయ మంత్రంలో తొడిమ నుంచి విడివడే దోసపండు పోలిక వస్తుందే, అది ఇలాంటి పళ్ల స్వభావమే. మన పప్పులో వేసే పసుపుపచ్చ దోసకాయ కూడా వృక్షశాస్త్రం ప్రకారం కర్బూజ జాతిదే. పుచ్చకాయ దారి వేరు. అది పండినా తీగను వదలదు. దాన్ని ఎంచాలంటే కింద నేల తాకిన చోట మచ్చ చూడాలి. ఆ మచ్చ తెల్లగా ఉంటే పచ్చిది, వెన్నరంగు దాటి పసుపు తిరిగితే పండింది. కాయ పక్కనున్న నులితీగ ఎండిపోవడం కూడా గుర్తే. రైతులు అది చూసే కోస్తారు.

ఇంకో మాట. కర్బూజ ఇంట్లో రెండు రోజులుంటే మెత్తబడుతుంది, వాసన పెరుగుతుంది. తీపి మాత్రం పెరగదు. అందులో పిండిపదార్థం నిల్వ ఉండదు కాబట్టి చక్కెరగా మారేదేమీ లేదు. తీగ మీద ఉన్నన్నాళ్లూ ఆకులు పంపిన తీపే దాని తీపి. అందుకే పెన్న, కృష్ణ, తుంగభద్ర ఇసుక తిన్నెల్లో వేసవి ఎండంతా తాగి పండిన కాయ రుచి వేరు. పుచ్చకాయలో నూటికి 92 వంతులు నీరేనంటే ఈ కాలానికి అంతకంటే ఏం కావాలి? కోసే ముందు మాత్రం తొక్కను బాగా కడగండి. పైనున్న మట్టి కత్తితో పాటు లోపలికి పోతుంది. కోసిన ముక్కలను ఈ వేడిలో గంటకు మించి బయట ఉంచకండి.

పుచ్చకాయ తిన్నాక గింజలు పారేయకండి. కడిగి నీడన ఆరబెట్టండి. బడికెళ్లే వయసు పిల్లలను పిలిచి, గచ్చు మీద సుద్దతో పెద్ద క గీసి, దాని వెంట గింజలు పేర్చమనండి. వంపు దగ్గర గింజలు దగ్గర దగ్గరగా పెడితేనే గుండ్రం వస్తుందని వాళ్లకే తెలిసిపోతుంది. తిన్నటి చోట దూరంగా పెట్టినా ఫరవాలేదు. కుట్టుకూ ఇదే సూత్రం. వంపులో చిన్న కుట్లు, తిన్నగా ఉన్నచోట కాస్త పెద్దవి. సూది పట్టని పిల్లలు కూడా ఇలా కుట్టు నేర్చేసుకుంటారు. మూడేళ్ల లోపు వాళ్లను మాత్రం గింజల దగ్గరికి రానివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

చేతులు కడుక్కున్నారా? సబ్బుతో కడుక్కోండి. పండు రసం అంటిన చేత్తో బొంత ముట్టుకుంటే రాత్రికి చీమలు పడతాయి.

ఇప్పుడు లెక్క చెబుతాను, వినండి. సంప్రదాయం ప్రకారం మన వర్ణమాలలో అచ్చులు 16, హల్లులు 37, సున్న, అరసున్న, విసర్గ కలిపి 3. మొత్తం 56. అడ్డంగా ఏడు గళ్లు, నిలువుగా ఎనిమిది వరసలు వేస్తే సరిగ్గా 56 గళ్లు! మన అక్షరాలు బొంత కోసమే లెక్కగట్టి పెట్టారా అనిపిస్తుంది నాకు. అందులో దంత్య చ, దంత్య జ ఇప్పటి పిల్లల పుస్తకాల్లో కనబడవు. ఆ రెండు గళ్లలో ఒకటి క్ష కు ఇవ్వండి, ఇంకొకటి బిడ్డ పేరులో మొదటి అక్షరానికి మళ్లీ ఇవ్వండి. తన అక్షరం రెండుచోట్ల ఉందని బిడ్డ వెతికి పట్టుకుంటుంది.

ఒక్కో గడి ఆరంగుళాల చదరం అనుకోండి. అతుకుకు నాలుగు వైపులా పావంగుళం కావాలి కాబట్టి ఆరున్నర అంగుళాలు కోయాలి. చీర పన్నా 45 అంగుళాలుంటే అడ్డంగా ఆరు ముక్కలొస్తాయి. పది వరసలు కోస్తే అరవై ముక్కలు. అంటే 65 అంగుళాల గుడ్డ, రెండు గజాలు కూడా పట్టదు. మిగతా చీర లోపలి పొరకు, అడుగు పొరకు పనికొస్తుంది. గళ్లన్నీ అతికితే 42 అంగుళాల అడ్డం, 48 అంగుళాల నిలువు వస్తుంది. చుట్టూ అయిదంగుళాల అంచు వేస్తే 52కి 58. పసివాడు దొర్లడానికి, అయిదేళ్లవాడు కప్పుకోవడానికి చక్కటి కొలత.

ఆ అంచు మీద అంకెలు పెట్టండి. పైన అయిదు, కింద అయిదు: ౧, ౨, ౩, ౪, ౫, ౬, ౭, ౮, ౯, ౦. వీటిని ఈనాటి పిల్లలు ఎక్కడ చూస్తున్నారు చెప్పండి? పాత పుస్తకాల పేజీల అడుగున, శాసనాల్లో తప్ప కంటికి ఆనడం లేదు. గుడ్డ మీదైనా బతకనిద్దాం. తెలుగు అంకె పక్కన చిన్నగా 1, 2, 3 కూడా కాడకుట్టుతో వేస్తే బిడ్డ రెండూ కలిపి నేర్చుకుంటుంది. ౩, 3 ఒకే పోలికలో ఉన్నాయని తనే చెబుతుంది.

నాలుగు మూలల్లో ఏం పెట్టాలా అని అనుకుంటున్నారా? అక్కడ మన భిన్నాల గుర్తులు పెట్టండి. ఇవి చాలామందికి తెలియవు. వెనకటి తెలుగు లెక్కల్లో పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. పావులో పావు వీసం, అంటే పదహారో వంతు. దానికి అడ్డగీత. లెక్కంతా నాలుగుల మీద నడుస్తుంది. ఇవి గీతలే కాబట్టి కుట్టడం చాలా తేలిక, మీ ఇంటి పిల్లల చేతే కుట్టించవచ్చు. అర్థం తెలియాలంటే పుచ్చకాయ ఒకటి తెప్పించండి. రెండుగా కోస్తే అర, మళ్లీ కోస్తే పావు. పావును నాలుగు ముక్కలు చేసి చేతికిచ్చి ఇది వీసం అని చెప్పండి. తిన్న లెక్కను పిల్లలు మరిచిపోరు. కర్బూజ కూడా లెక్క నేర్పుతుంది. చాలా రకాల్లో తొడిమ నుంచి కిందికి దిగే చారలు పది ఉంటాయి. చార వెంట కోస్తే పది ముక్కలు, పది అంకెలు. ఒక్కొక్కటి పేరు చెప్పి తినిపించండి.

గుడ్డల విషయంలో తొందరపడకండి. పాత చీరను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే పల్చబడిన చోటు తెలుస్తుంది, అక్కడ కోయవద్దు. ఎరుపు, ముదురు నీలం రంగు వదులుతాయేమో ముందే తేల్చుకోవాలి. తడి చేసి తెల్లగుడ్డ మీద అదిమితే నిజం చెప్పేస్తుంది. కొత్త గుడ్డ కలిపితే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే ముడుచుకుని అక్షరం వంకర పోతుంది. ఇక ఎవరి గుడ్డ ఏ అక్షరానికి అన్నది మీ ఇష్టమే కానీ, నా సలహా ఒకటుంది. అమ్మమ్మ చీరతో అ, నాన్న చొక్కాతో న, తాతయ్య లుంగీతో త, పిన్ని చుడీదారుతో ప. బిడ్డకు అక్షరం వెనక మనిషి కనబడాలి.

గళ్లన్నీ కుట్టాక పొరలు పరిచి, నడిమి నుంచి బయటికి టాకాలు వేయండి. అంచు నుంచి లోపలికి వచ్చారంటే నడుమ బుడగ నిలుస్తుంది. తర్వాత ప్రతి అక్షరం చుట్టూ పావంగుళం దూరంలో రన్నింగ్ స్టిచ్ వేయండి. అన్ని పొరలూ పట్టుకోవాలి. ఆ వరస చుట్టూ ఇంకో వరస, దాని చుట్టూ ఇంకోటి. కుట్టు అదిమిన చోట గుడ్డ కుంగి అక్షరం కాస్త ఉబికి వస్తుంది. మందం మీద సూది దిగకపోతే మన పెద్దవాళ్లు తల్లో ఒకసారి గీసుకునేవారు, జుట్టుకున్న నూనె సూదికి అంటి జారుతుందని. అది ఇప్పటికీ పనిచేస్తుంది. దారానికి తేనెమైనం రాస్తే చిక్కు పడదు. ఈ ఉక్కలో చెయ్యి చెమర్చి సూది జారుతుంటే కాస్త పౌడరు రాసుకోండి. బొంత తిప్పి చూస్తే అక్షరాలన్నీ వెనక్కి తిరిగి కనబడతాయి. పిల్లలకు అదో ఆట. ఏ అక్షరం ఏదో వెనక వైపు నుంచి చెప్పమనండి.

ఒక జాగ్రత్త. ఏడాది నిండని పాపకు ఇది నిద్రలో కప్పకండి, ఊయలలో వేయకండి. మందమైన గుడ్డ మొహం మీద పడితే ప్రమాదం. నేల మీద పరిచి, మీరు పక్కన కూర్చుని ఆడించండి. అక్షరాలు చదివే వయసు ఎలాగూ తర్వాతిదే.

వేలితో అక్షరం తడమడం వల్ల ఏం లాభమని అడిగారనుకోండి, మన అక్షరాభ్యాసమే జవాబు. పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ చూపుడువేలు పట్టుకుని దిద్దిస్తాం. బాసర గుడిలో రోజూ జరిగేది ఈ అక్షరాభ్యాసమే. కంటికంటే ముందు వేలికి చెబుతున్నాం. మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత తడిమించింది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, 1946 దాకా ఈ దేశంలోనే ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పింది. బియ్యంలో గీసిన అక్షరం చెయ్యి ఆడిస్తే చెరిగిపోతుంది. గుడ్డ మీది అక్షరం రేపటికీ ఉంటుంది, బిడ్డ ఎప్పుడు వెళ్లి తడిమినా అక్కడే ఉంటుంది.

ముఖ్యంగా డాలస్‌లోనో, మెల్బోర్న్‌లోనో పుట్టి పెరుగుతున్న మనవలున్న వాళ్లకు ఈ మాట. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, కొందరు ముద్దుగా మాట్లాడతారు కూడా. కానీ తెలుగు అక్షరం వాళ్ల కంట పడదు. బస్సు మీద ఉండదు, కొట్టు బోర్డు మీద ఉండదు, వీధి పేరులో ఉండదు. మనకు చదువు రాకముందే అక్షరాలు చుట్టూ ఉండేవి. అరుగు మీద కూర్చుని బస్సు బోర్డు చదువుకుంటూ ఎంతమంది నేర్చుకోలేదు! ఆ పిల్లలకు అలా చుట్టూ ఉండే అక్షరం కావాలి. పడకగదిలో నేల మీద పరిచిన బొంత ఆ లోటు కొంత తీరుస్తుంది. ఆవకాయ సీసాలతో పాటు పెట్టెలో మడిచి పెట్టండి. దీనికి కారే భయం కూడా లేదు.

ఇంకో రెండు ముక్కలు వేసుకోండి. మిగిల్చినా ఏదీ వృథా పోదు ఈ ఇంట్లో. కర్బూజ గింజలు ఎండబెట్టి ఒలిస్తే పప్పు వస్తుంది, కూరల్లో రుబ్బి వేస్తే గుజ్జు చిక్కగా, కమ్మగా ఉంటుంది. పుచ్చకాయ ఎర్రటి గుజ్జు కింద ఉండే తెల్లటి భాగాన్ని సన్నగా తరిగి పెసరపప్పుతో వండితే సొరకాయ కూర తిన్న తృప్తి ఉంటుంది. పాత చీరను చూసి ఇంకా ఏముంది దీనిలో అని ఆలోచించిన తల్లులే పండు తొక్కను చూసీ అదే ఆలోచించారు. ఆ చూపు మనకు వాళ్లిచ్చిన ఆస్తి.

యాభై ఆరు గళ్లు అనగానే బెదిరిపోకండి. మధ్యాహ్నానికి ఒక్క గడి చాలు. మొదట సున్న కుట్టండి, అది ఒట్టి గుండ్రం, చెయ్యి తిరగడానికి మంచిది. తర్వాత ర, అదే గుండ్రానికి తలకట్టు. ఆ తర్వాత గ, న. ఋ, ౠ, క్ష ఆఖర్న చూసుకోవచ్చు, అప్పటికి మీ వేళ్లకే దారి తెలిసిపోతుంది. ఈ వేసవికి అచ్చులు మాత్రమే అయినా మంచిదే. పదహారు గళ్లు నాలుగు నాలుగుగా అతికితే రెండడుగుల చదరం వస్తుంది, పాప బొమ్మకు బొంత అవుతుంది. హల్లులు వచ్చే ఏడాదికి ఉంచండి.

పూర్తయ్యాక వెనక వైపు మూలన మీ పేరు కుట్టండి. సంకోచించకండి, పూర్తి పేరు కుట్టండి. కింద బిడ్డ పేరు, మీ ఊరు, తెలుగు అంకెల్లో సంవత్సరం. అది గొప్పకు పోవడం కాదు. పేరు రాసుకునే వీలు లేకుండా వెయ్యి బొంతలు కుట్టి వెళ్లిపోయిన వాళ్ల తర్వాత మనం వచ్చాం. మనకు సూదీ వచ్చు, అక్షరమూ వచ్చు. రెండూ ఒకే గుడ్డ మీద చూపించగలిగినప్పుడు చూపించాల్సిందే.